చక్రం మీద లేని మనిషి

జీపు ఉదయగిరిలో బయల్దేరిందన్నారు. ఆ మాట ఎప్పుడు అన్నారో, జీపు ఇప్పుడు ఎక్కడుందో బడిలో ఎవరికీ తెలియదు. పై అధికారి ఆ జీపులో వస్తున్నాడు, ఆయన ఎదుట తప్ప చీటీ తీయనని ఎన్నికల అధికారి లిదియమ్మ చెప్పి, కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ కాగితాల మీదికి వంగింది. రెండుసార్లు లెక్కపెట్టారు. రెండుసార్లూ కత్తెరకీ ఉంగరానికీ ఓట్లు సమానంగా వచ్చాయి. అలా వస్తే రెండు పేర్లు రెండు చీటీల మీద రాసి ఒకటి తీస్తారు, తీసిన చీటీలో పేరున్నవాళ్ళకి ఒక ఓటు కలిసినట్టు లెక్క, వాళ్ళే సర్పంచి. ఉంగరం గుర్తు ఎదుటి బెంచీ మీదున్న ఓబులమ్మది, కత్తెర చెంచులక్ష్మిది. ఆమె నాలుగో తరగతి పిల్లలు కూర్చునే బెంచీ మీద కూర్చుని ఉంది. మోకాళ్ళు బల్లకి తగులుతున్నాయి. మడమ ఆడుతోంది, ఆపింది, మళ్ళీ ఆడింది, తన కాలు తన మాట వినడం లేదేమిటని చూసింది, అది కాలే, ఇరవై ఏళ్ళుగా గొర్రెల వెంట నడిచిన కాలు, కూర్చోమంటే ఎక్కడ కూర్చుంటుంది. బయట గేటు దగ్గర డప్పు మోగి ఆగింది. ఎవరి డప్పో. గెలిచినవాళ్ళదే, ఎవరు గెలిచినా వాయించేవాళ్ళు వాళ్ళే, అందుకే మధ్యలో ఆగి బీడీ వెలిగించుకుంటున్నారు. గెలుపు ఈ గోడ లోపల చాక్‌పీసుల డబ్బాలో ఉంది. డబ్బా ఖాళీ చేసి బల్ల మీద పెట్టారు, చీటీలు ఇంకా వేయలేదు, ఖాళీ డబ్బా వైపు అందరూ చూస్తున్నారు, చూడనిది లిదియమ్మ ఒక్కతే.

చెల్లని ఓట్లు పక్కన ఒక కవరులో ఉన్నాయి. వాటిలో ఒకటి ఎవరిదో చెంచులక్ష్మికి తెలుసు. లిదియమ్మ ఆ కాగితాన్ని ఎత్తి రెండు పక్షాలకీ చూపించినప్పుడే తెలిసింది. ముద్ర కత్తెర మీద తిన్నగా పడింది, అలుక్కుపోలేదు, గీత దాటలేదు. దాని పక్కన బొట్టు ఉంది. వేలితో పెట్టిన బొట్టు, ఎరుపు ఆరి నలుపు తిరిగింది. అంగట్లో కుంకుమ అలా ఆరదు. పసుపుకొమ్ములు నిమ్మరసంలో నానేసి, వెలిగారం వేసి, దంచి చేసుకునే కుంకుమ అలా ఆరుతుంది. ఆ ఊళ్ళో ఇంకా దంచుకునేది ఒకే ఇల్లు, చెంచులక్ష్మి అత్తగారిల్లు. ఓటు ఎవరిదో గుర్తుపట్టే మచ్చ ఏది ఉన్నా ఓటు చెల్లదని ఎదుటి బెంచీ నుంచి, ఓబులమ్మ తరఫున కూర్చున్న పాత సర్పంచి రామనారాయణ అన్నాడు, గొంతు పెంచలేదు, పెంచాల్సిన పని లేదు, రూలు ఆయన పక్షాన ఉంది. రాఘవ లేచాడు. మరిది కదా, వదిన తరఫున ఏజెంటు కదా, లేవాలి. "బొట్టు పెడితే ఏందంట మేడం? ముద్ర యాడ పడిందో చూడండి, బొట్టు ఎందుకు చూస్తుండారు?" అన్నాడు. లిదియమ్మ పుస్తకం తెరిచి ఆ వాక్యం చదివి వినిపించింది. రాఘవ చెంచులక్ష్మి వైపు చూశాడు. అది మీ అమ్మదిరా అని ఆమె అనలేదు. అంటే అది గుర్తుపట్టినట్టే, రామనారాయణ మాట నిజం చేసినట్టే. ఆ కాగితం కవరులోకి పోయింది. ఆ ఒక్కటీ బయట ఉంటే జీపు అక్కర్లేదు, చీటీ అక్కర్లేదు, ఈపాటికి ఇంట్లో ఉండి కాళ్ళు చాపుకునేది.

మధ్యాహ్నం అత్త బూత్‌లోంచి బయటికి వచ్చి, గేటు దగ్గర చెయ్యి పట్టుకుని, "నీ కత్తెరకి బొట్టు పెట్టి పంపించినా మే" అంది. మాటవరసకి అంటోందనుకుని నవ్వింది చెంచులక్ష్మి. నవ్వినప్పుడు అత్త నొసట బొట్టు సగం చెదిరి ఉంది, చూసింది, ఎండకి చెమట పట్టిందనుకుంది. చెమట కాదు. తొలిచూలు గొర్రెపిల్లని మందలోకి వదిలేటప్పుడు అత్త అలాగే చేస్తుంది, తన నొసటి బొట్టు వేలితో తీసి పిల్ల నొసట పెడుతుంది. వ్యాపారి లారీ ఎక్కించుకుపోయే పొట్టేలుకీ పెడుతుంది. చేతి నుంచి పోయేది ఏదైనా బొట్టు లేకుండా పోకూడదు. కూతురు లిఖితని ఆత్మకూరు కాలేజీలో చేర్పించడానికి తీసుకుపోయిన రోజు దాని పెట్టెకి కూడా పెట్టింది, హాస్టల్లో అమ్మాయిలు నవ్వారట. పెట్టెలో వేసే కాగితానికి పెట్టకుండా ఎలా ఉంటుంది. ఓటు ఎలా వేయాలో ఇంట్లో మూడు పూటలా చెప్పాం, ముద్ర ఎక్కడ గుద్దాలో, కాగితం ఎలా మడవాలో, మడత తప్పితే సిరా అటు అంటుతుందని, అన్నీ చెప్పాం, బొట్టు పెట్టొద్దని చెప్పాలని ఎవరికి తోస్తుంది. కోపం వస్తుందేమోనని చెంచులక్ష్మి తనలోకి తను చూసుకుంది. వచ్చింది. అది అత్త మీదికి పోలేదు, కవరు మీదికీ పోలేదు, ఎటూ పోలేక మడమలోకి దిగి ఆడుతోంది.

గోడ మీద ఎక్కాల పట్టిక ఉంది. పదో ఎక్కం దగ్గర కన్ను ఆగింది. నిన్న లిఖిత తీసిన జోస్యం కార్డు మీద అంకె పది. పది అని ఆ పిల్ల చెప్తేనే తెలిసింది, బొమ్మ మీద ఇంటూ గుర్తులాగా ఉంటుంది. నిన్న సాయంత్రం చాప మీద కూర్చుని, ఒక కార్డు తీస్తానమ్మా, ఎలక్షన్ కోసం అంది. వద్దంటే వినదు. ఆ కార్డులు పార్సిల్లో తెప్పించుకుంది, ఫోన్‌లో చూసి నేర్చుకుంది, హాస్టల్లో పరీక్షలప్పుడు వీటికి గిరాకీ అట. దసరా సెలవులయ్యాక దాన్ని దిగబెట్టడానికి ఉదయగిరిలో ఆత్మకూరు బస్సు ఎక్కితే, బ్యాగు మీద పరిచి కూర్చుంది. కండక్టరు టికెట్టు కొట్టడం ఆపాడు. "ఏం పాపా, పేకాట బస్సులోనే మొదలుపెట్టినావా?" "పేక కాదన్నా, టారో." "అదేంది, కొత్త రమ్మీనా?" వెనక సీట్లు నవ్వాయి. పక్కన కూర్చున్న ముసలామె మాత్రం నవ్వలేదు, కార్డుల మీదికి వంగి చూసి, "చిలక యాడమ్మా?" అంది. "చిలక లేదవ్వా, నేనే తీస్తా." "చిలకైతే గింజ కోసం తీస్తది. నువ్వు దేనికోసం తీస్తావు?" లిఖిత కార్డులు సర్ది రబ్బరు బ్యాండు వేసింది. దేనికోసం తీస్తుంది. నాకు తెలుసు, భయం కోసం తీస్తుంది, దాని భయానికి ఒక బొమ్మ కావాలి, నిన్న నా భయానికి కూడా తీసింది.

బొమ్మలో చక్రం ఉంది. మధ్యలో పెద్ద చక్రం, చుట్టూ మబ్బులు. చక్రం పైన ఒక జంతువు కత్తి పట్టుకుని కూర్చుంది, మొహం మనిషిది, ఒళ్ళు సింహానిది. ఒక పక్క పాము కిందికి దిగుతోంది. ఇంకో పక్క నక్క మొహం ఉన్న మనిషి వీపు మీద చక్రాన్ని మోస్తూ పైకి లేస్తున్నాడు. ఇది మంచి కార్డమ్మా, అదృష్టం తిరుగుతుంది, కింద ఉన్నది పైకొస్తుంది అంది లిఖిత. పైన ఉన్నది కూడా కిందికి వస్తుందని చెప్పలేదు, చెప్పక్కర్లేదు, పాము చెప్తూనే ఉంది. కార్డు ఇద్దరి మధ్యా చాప మీద ఉంది. చెంచులక్ష్మి వైపు నుంచి చూస్తే కత్తి ఉన్న జంతువు కిందికి వేలాడుతోంది, నక్క తల్లకిందులుగా ఉంది. "తిరగబడి ఉండాది కదే" అంది. తిరగబడి వస్తే అర్థం మారుతుందని ఆ పిల్లే ఇంతకుముందు చెప్పింది, తలకిందులైతే కలిసిరాదు, తిరగాల్సింది తిరగదు. "నా వైపు తిన్నగా ఉండాదమ్మా. చదివేవాళ్ళ వైపే లెక్క." "ఓట్లకి నిలబడింది నేనైతే నీ వైపు లెక్కేందే?" "అబ్బా, రూలమ్మా అది." రూలు. ప్రతిదానికీ ఒక రూలు ఉంది, దాన్ని చదివేవాళ్ళు బల్లకి అవతలి పక్క కూర్చుంటారు. నాలుగు మూలల్లో నాలుగు రెక్కల జీవాలు ఉన్నాయి, మనిషి, గద్ద, సింహం, ఎద్దు. నాలుగూ పుస్తకాలు చదువుతున్నాయి. ఎద్దుకి పుస్తకమేందే అని నవ్వితే, అవి మారవమ్మా, చక్రం ఎంత తిరిగినా అవి తల ఎత్తవు అంది. అంటే ఆఫీసర్లన్నమాట అనుకుంది అప్పుడు. ఇప్పుడు ఎదురుగా లిదియమ్మ తల వంచుకుని రాస్తోంది. పాపం, ఆమెకీ ఇల్లుంటుంది, పొద్దున నాలుగింటికి లేచి వచ్చుంటుంది, తల ఎత్తితే ఇద్దరిలో ఎవరో ఒకరి కళ్ళు చూడాలి.

చక్రాన్ని తిప్పేదెవరని నిన్న కూతుర్ని అడిగింది. బొమ్మలో చెయ్యి లేదు. ఎవరూ తిప్పరమ్మా, దానంతటదే తిరుగుద్ది. కవ్వం కూడా దానంతటది తిరగదే అంది చెంచులక్ష్మి, అని దీపం పెట్టడానికి లేచింది, ఆ మాట అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఆ మాట మళ్ళీ లేచి కూర్చుంది. సర్పంచి పదవి కూడా తిరుగుతుందంటారు, రొటేషన్ అంటారు. జనరల్‌కి వచ్చినప్పుడు రామనారాయణ సర్పంచి. ఆడవాళ్ళకి వచ్చినప్పుడు ఆయన భార్య సుకుమారి సర్పంచి, ఆమెని ఊరు చూసింది జెండా ఎగరేసిన రోజుల్లోనే. ఈసారి బీసీ ఆడవాళ్ళకి వచ్చింది. చక్రం మూడుసార్లు తిరిగింది, మూడుసార్లూ పంచాయతీ ఆఫీసు తాళంచెవి ఒకే మొలతాడుకి ఉంది. ఆయన పైకి పోలేదు, కిందికి రాలేదు. పామూ కాదు, నక్కా కాదు, కత్తి పట్టుకున్నదీ కాదు, ఆయన చక్రం మీద లేడు. ఎక్కడున్నాడు మరి. బొమ్మ అంచు దగ్గర కాగితం అయిపోతుంది, దాని అవతల నిలబడి ఉండాలి. చెడ్డవాడని అనడానికి నోరు రాదు. కరువు ఏడాది ఊళ్ళో బావులన్నీ ఎండితే మా మంద ఆయన బావి నీళ్ళు తాగింది, మోటారు ఆపొద్దని జీతగాడికి చెప్పి మరీ తాపించాడు, ఆ మేలు అత్త రోజూ తలుచుకుంటుంది. తలుచుకుంటూనే కత్తెర మీద గుద్దింది. ఆయన మొదట మా గడపే తొక్కాడు. కొండలయ్యా, నీ ఇంటిదాన్ని నిలబెడదాం, సంతకాలూ అవీ మేం చూసుకుంటాం అన్నాడు. కొండలయ్య తల ఊపబోయాడు. "సంతకం నాదైతే చూసుకునేది మీరేంది అయ్యా?" అని లోపలి నుంచి తనే అంది. ఆయన నవ్వాడు, మంచినీళ్ళు తాగి, లేచి, చెంబు కింద పెట్టి, తిన్నగా ఓబులమ్మ ఇంటికి పోయాడు. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఇప్పుడు ఎదుటి బెంచీ మీద తను ఉండేది. ఓబులమ్మ ఎక్కడుండేది? ఇంట్లో, పొయ్యి దగ్గర, ఎవరు గెలిచారని అడుగుతూ.

ఎదుటి బెంచీ మీద ఓబులమ్మ కొత్త చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూర్చుంది. చీర ఆమె కొన్నది కాదు. మొగుడు రామనారాయణ ట్రాక్టరు తోలతాడు. వరసకి వదిన, వీధి వేరు, గొర్రెల మేత ఒకటే. నామినేషన్ రోజు నుంచి ఇద్దరూ మాట్లాడుకోలేదు, మాట్లాడుకోకూడదని ఎవరూ చెప్పలేదు, ఎదురైనప్పుడు ఇద్దరూ బిందె సర్దుకున్నారు. రామనారాయణ ఫోన్ మోగితే వరండాలోకి పోయాడు. జీపు గురించే అయ్యుంటుంది. ఆయన వీపు తలుపు దాటగానే ఓబులమ్మ ముందుకి వంగింది.

"కాళ్ళు తిమ్మిరెక్కినాయి వదినా."

"నాకూ."

"నీకేం లే. నువ్వు గెలిచినా ఓడినా నీ ఇంటికే పోతావు. నేను గెలిస్తే ఆయనింటికి పోవాల. దండలు ఆడనే ఉండాయంట."

"ఓడితే?"

"ఓడితే యాడికి పోవాల్నో ఎవురూ చెప్పలా." ఓబులమ్మ నవ్వబోయి తలుపు వైపు చూసింది. "మా ఆయన్ని అడిగితే గమ్మున ఉండు అన్నాడు. గమ్మునే ఉండా, చూస్తుండావు గదా."

రామనారాయణ లోపలికి వచ్చాడు. ఓబులమ్మ వెనక్కి జరిగి కొంగు సర్దుకుంది. వచ్చేస్తున్నారంట మేడం, దారిలో మంద అడ్డం వచ్చిందంట అన్నాడు. ఎవరి మంద? ఈ వేళప్పుడు రోడ్డు దాటేది కొండలయ్యే. ఓట్లు లెక్కపెట్టడానికి రాకూడదా అంటే, మీ ఓట్లు లెక్కపెట్టేదానికి అంతమంది ఉండారు, నా గొర్రెల్ని ఎవరు లెక్కపెడతారు అని పోయాడు. అవి కొండ కింది మేత భూమి నుంచి ఇంటికి తిరిగొస్తున్నాయి. ఆ భూమి కోసమే ఇదంతా. సర్పంచి కుర్చీ మీద మోజు లేదు, ఆ కుర్చీ చెంచులక్ష్మి లోపలికి పోయి చూసింది, ఒక చెయ్యి విరిగి తాడు కట్టి ఉంది. సోలార్ కంపెనీ వాళ్ళు వచ్చి చూసిపోయారు. కొండ కింద పశువుల మేతకని వదిలిన భూమి మొత్తం కంచె వేసుకుంటారట, పంచాయతీ తీర్మానం ఇస్తే పై పనులు వాళ్ళు చూసుకుంటారట. అద్దాల కింద గడ్డి మొలుస్తుందా అని కొండలయ్య ఒక కంపెనీ మనిషిని అడిగాడు, మొలుస్తుంది గానీ గొర్రెలు రాకూడదు అని ఆయన చెప్పాడు. నలభై ఇళ్ళ మంద అక్కడ మేస్తుంది. ఓబులమ్మ వాళ్ళ అన్న మంద కూడా అక్కడే మేస్తుంది. అది పోతే వానాకాలంలో, పొలాల్లో పైరు ఉన్నప్పుడు, మందని ఎక్కడికి తోలాలి, వింజమూరు దాకా తోలుకుపోయి ఎవరి బీట్లో నిలబెట్టాలి. ఒక సంతకం. డబ్బాలోకి రెండు చీటీలు పోతాయి, ఒకటి బయటికి వస్తుంది, అది ఓబులమ్మదైతే దాని వెనక రామనారాయణ పెట్టించే ఆ సంతకం వస్తుంది, కంచె స్తంభాలు వస్తాయి. గొర్రెలకి ఇవేవీ తెలియవు, ఈ పూట కూడా జీపుకి అడ్డంపడి నింపాదిగా దాటుతున్నాయి, దాటనీ, ఇంకాసేపు దాటనీ. లేదు, త్వరగా దాటనీ, ఈ మడమ ఇంకాసేపు ఆడితే విరుగుతుంది. నిజంగా ఏం కావాలో తేల్చుకోలేకపోయింది, జీపు రావాలా, రాకూడదా. గెలవాలి. గెలవాలని అంతగా ఉందని పొద్దున తెలియదు. పొద్దున, గెలిస్తే గెలుస్తాం లేకపోతే లేదు అని నలుగురి ముందూ అంది. అబద్ధం. కిటికీ ఊచల అవతల లిఖిత నిలబడి ఉంది. చేతిలో కార్డులు లేవు. తల్లి చూస్తోందని తెలియగానే నవ్వింది, ఆ నవ్వు చూస్తే అది కూడా పొద్దుటి నుంచి ఏమీ తినలేదని తెలుస్తోంది.

జీపు తలుపు చప్పుడైంది. తర్వాత అంతా చకచకా జరిగింది, అంతసేపు ఆగినదానికి ఇంత తొందరేమిటో. వచ్చిన అధికారి కూర్చోలేదు. లిదియమ్మ ఒకే కాగితాన్ని రెండుగా చింపి, పేర్లు రాసి, ఇద్దరికీ చూపించి, ఒకేలా మడిచి డబ్బాలో వేసింది. మూత పెట్టి ఊపింది. చీటీలు డబ్బా గోడలకి కొట్టుకున్న చప్పుడు వినపడింది, అంత చిన్న చప్పుడు. చెంచులక్ష్మి లిదియమ్మ చేతిని చూసింది. ఇదిగో చెయ్యి. బొమ్మలో లేని చెయ్యి ఇదేనా అనుకుంది, కాదు, ఈమె తిప్పడం లేదు, తీస్తోంది, అంతే, చిలకలాగా, గింజ కూడా లేకుండా. లిదియమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది, ఏ ప్రార్థనో, ఎవరి కోసమో. చీటీ తీసి, విప్పి, వచ్చిన అధికారికి చూపించి, చదివింది.

ఓబులమ్మ.

మడమ ఆగిపోయింది. అది మొదట తెలిసింది. కిటికీ దగ్గర లిఖిత మొహం లేదు. బయట డప్పు మొదలైంది, ఇంకా ఎవరూ చెప్పకుండానే, పేరు ఊచల్లోంచి ముందే పోయింది. రాఘవ బల్ల మీద చెయ్యి గుద్దాడు. చెంచులక్ష్మి ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు, దాహం వేసింది. ఇంటికి పోయి అత్తకి ఏం చెప్పాలి. ఒక్క ఓటుతో పోయింది అత్తా అని చెప్పాలి, ఏ ఓటని అడుగుతుంది, అడగదు, ఆమెకి ఓటంటే వేసేసినది. అయిపోయింది అనుకుంది. మేత భూమి కళ్ళ ముందు కనపడింది, కంచె లేకుండానే కనపడింది, ఇంకా లేదు కాబట్టి.

లిదియమ్మ కాగితం ఒకటి ఓబులమ్మ ముందుకి జరిపి, ఇక్కడ అంది. రామనారాయణ జేబులోంచి పెన్ను తీసి, ముందు తను చదువుకుని, పెన్ను కాగితం మీద పెట్టి, ముద్రలకి వాడిన సిరా డబ్బా దగ్గరికి లాగాడు. "వేలిముద్రే మేడం. ఆమెకి సంతకం రాదు."

"వచ్చులే అయ్యా" అంది ఓబులమ్మ.

ఆయన అర్థం కానట్టు చూశాడు. ఓబులమ్మ పెన్ను తీసుకుంది. రెండు చేతులతో కాగితాన్ని తిన్నగా చేసుకుని, నాలుక పంటి కింద పెట్టుకుని, రాసింది. చాలాసేపు రాసింది. గదిలో అందరూ నిలబడే ఉన్నారు, వచ్చిన అధికారి గడియారం చూసుకున్నాడు, డప్పు వాయిస్తూనే ఉంది. లిదియమ్మ మొదటిసారి తల ఎత్తి చూస్తోంది.

"ఎప్పుడు నేర్చినావు?" అన్నాడు రామనారాయణ.

"ఖాళీగా ఉండా గదా అయ్యా ఇన్నాళ్ళు. గమ్మునుండమంటిరి." రాయడం అయ్యాక కూడా కాగితం వైపే చూస్తూ అంది. తర్వాత చెంచులక్ష్మి వైపు తిరిగింది. "వదినా, కొండ కింద మేత భూమికి సర్వే నంబరెంత?"

చెంచులక్ష్మి బల్ల దగ్గరికి వచ్చింది. "రెండొందల పద్నాలుగు" అంది.

"మళ్ళీ చెప్పు."

చెప్పింది. ఓబులమ్మ ఎడమ అరచెయ్యి తెరిచి, అంకెలు ఒకటొకటిగా అక్కడ వేసుకుంది. మా అన్న కూడా ఈ నంబరే చెప్పినాడు అని ఎవరితోనూ కాకుండా అంది. రామనారాయణ పెన్ను కోసం చెయ్యి చాపాడు. ఓబులమ్మ నాలుగో అంకె ఏమైనా ఉందా అన్నట్టు అరచెయ్యి వైపే చూస్తోంది, పెన్ను ఆమె వేళ్ళ మధ్యే ఉంది, ఆయన చెయ్యి బల్ల మీద చాపి ఉంది.